పట్నం గీసిన కవి - మీర్ మోమిన్

చార్మినార్ ఎవరు కట్టించారని అడిగితే మూడో తరగతి పిల్లవాడు కూడా మహమ్మద్ కులీ కుతుబ్ షా అని టక్కున చెప్తాడు. ఇంకాస్త హుషారైనవాడైతే భాగమతి కథ కూడా ఎత్తుకుంటాడు. కాని ఆ చార్మినార్ నుంచి నాలుగు దిక్కులకు నాలుగు బాటలు పోవాలనీ, వాటి వెంట బజార్లుండాలనీ, దవాఖానా ఫలానా చోట, సరాయి ఫలానా చోట రావాలనీ కూర్చొని ఆలోచించిన పెద్దమనిషి పేరేమిటని మన కాలేజీలో పదిమందిని అడిగి చూశాను. ఒక్కరే చెప్పారు. ఆ ఒక్కరూ పాతబస్తీలో పుట్టి పెరిగినవారు.

ఆయన పేరు మీర్ మహమ్మద్ మోమిన్ అస్తరాబాదీ. కట్టడాలు వృత్తిగా నేర్చినవాడు కాడు. కవి, పండితుడు. పరాయి దేశం నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని వచ్చినవాడు.

నేను చరిత్ర విద్యార్థిని కాను. బి.ఎస్సీ.లో ఫిజిక్సు, లెక్కలు వెలగబెడుతున్న నల్లగొండ జిల్లా రైతుబిడ్డను. చరిత్ర మీద నాకున్న జ్ఞానం పోటీపరీక్షల గైడుల్లో ఉన్నంత. ఈయన వెంట నేనెందుకు పడ్డానో కొంచెం ఆగి చెప్తాను. ముందు ఆయన సంగతి.

ఇరాన్ దేశానికి ఉత్తరాన, కాస్పియన్ సముద్రానికి ఆగ్నేయంగా అస్తరాబాద్ అనే ఊరుంది. ఇప్పుడు దాన్ని గోర్గాన్ అంటున్నారు. మీర్ మోమిన్ అక్కడి సయ్యదుల కుటుంబంలో పుట్టాడు. మేనమామ మీర్ ఫక్రుద్దీన్ సమ్మాకీ ఆ కాలపు పెద్ద పండితుల్లో ఒకడు. చదువు ఆయన దగ్గర అబ్బింది. తర్వాత ఖజ్వీన్ నగరంలో సఫవీ చక్రవర్తి షా తహమాస్ప్ దర్బారులో చేరి, రాజకుమారుడు హైదర్ మీర్జాకు చదువు చెప్పే ఉద్యోగం సంపాదించాడు. కవిగా పేరొచ్చింది. శిష్యుడు రేపోమాపో సింహాసనం ఎక్కుతాడు. పంతులుగారికి ఇంతకన్నా మంచి రోజులు ఏముంటాయి!

1576 మే నెలలో షా తహమాస్ప్ చనిపోయాడు. హైదర్ మీర్జా సింహాసనం నాదేనన్నాడు. ఒక్కరోజు తిరక్కుండానే ఎదుటి పక్షంవాళ్ళు అతణ్ణి రాజమందిరంలోనే చంపేశారు. గద్దెనెక్కిన రెండవ ఇస్మాయిల్ తన అన్నదమ్ములను, వాళ్ళ బిడ్డలను వెతికి వెతికి చంపించాడు. చచ్చిపోయిన యువరాజుకు గురువుగా ఉన్నవాడి పరిస్థితి ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. కొన్నాళ్ళు అక్కడా ఇక్కడా తలదాచుకొని, చివరికి దేశమే వదిలి దక్కనుకు బయలుదేరాడు. 1581 నాటికి గోల్కొండ చేరాడు.

గోల్కొండలో అప్పటికి ఏడాది కిందటే ఇబ్రహీం కుతుబ్ షా చనిపోయి, ఆయన కొడుకు మహమ్మద్ కులీ రాజయ్యాడు. పట్టుమని పదిహేనేళ్ళ పిల్లవాడు. అతనికీ కవిత్వమంటే పిచ్చి. దక్కనీ భాషలో పండుగల మీద, వానాకాలం మీద, పండ్ల మీద, ప్రేయసుల మీద వేలకు వేలు చరణాలు రాసినవాడు. ఈ కుర్ర కవికీ ఆ పెద్ద కవికీ పొత్తు కుదిరింది. 1585 ప్రాంతంలో మీర్ మోమిన్‌ను పీష్వాగా నియమించుకున్నాడు. పీష్వా అంటే రాజు తర్వాత అంతటివాడు. నాలుగేళ్ళ కిందట నిలువ నీడ లేనివాడు రాజ్యానికి ప్రధాని అయ్యాడు. కవిగారి కాగితాల మీదికి పద్యాలతోపాటు బాటలు, బజార్లు, కొలతలు రావడం ఇక్కణ్ణించే మొదలు.

అప్పటి గోల్కొండ కోట కిక్కిరిసి ఉండేది. మనుషులు, ఏనుగులు, వజ్రాల వ్యాపారులు, సైన్యం అన్నీ ఆ గోడల మధ్యనే. నీటికి కటకట. కోట బయట పడదామని ఇబ్రహీం కుతుబ్ షా కాలంలోనే ఆలోచన ఉండింది. మూసీ మీద పురానా పూల్ 1578లోనే కట్టారు. వంతెన ముందు వచ్చి, పట్నం తర్వాత వచ్చిందన్న మాట! మూసీకి దక్షిణాన, గోల్కొండ నుంచి మచిలీపట్నం పోయే బాట మీద కొత్త పట్నం వేయాలని నిశ్చయించారు. దాని పథకం ఘనత చరిత్రకారులు మీర్ మోమిన్‌కే ఇస్తారు. ఉస్మానియాలో చరిత్ర బోధించిన హరూన్ ఖాన్ షేర్వానీ గారు తమ కుతుబ్ షాహీల చరిత్రలో ఈయన గురించి వివరంగా రాశారు. మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ గారైతే ఉర్దూలో ఈయన జీవితం మీద ఒక పుస్తకమే వేశారు. నాకు ఉర్దూ రాదు. మా రూమ్మేటు రాత్రిపూట చదివి చెప్తుంటే విన్నాను. మధ్యలో వాడు నిద్రపోయిన పేజీలు పోగా మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

పథకం చాలా సులువు. రెండు బాటలు, ఒకటి తూర్పు పడమరలకు, ఒకటి ఉత్తర దక్షిణాలకు. అవి కలిసే చోట 1591లో చార్మినార్. అంటే మన లెక్కల భాషలో ఎక్స్ అక్షం, వై అక్షం వేసి మూలబిందువు దగ్గర గుంజ పాతినట్టు. చార్మినార్ ఒక్కో వైపు 20 మీటర్లు. ఆ 20లో 11 మీటర్లు ఖాళీ కమానే! ఎత్తు 48.7 మీటర్లు. ఇంత బరువు మోస్తూ ప్రతి ముఖంలో సగానికిపైగా బాటకే వదిలేశారు. నాలుగు పక్కలా అంతే. ముందు వైపు, వెనక వైపు అనేది దానికి లేదు. ఏ దిక్కు నుంచి వచ్చినవాడికి అదే ముఖద్వారం.

దానికి కొంచెం ఉత్తరంగా చార్ కమాన్. నాలుగు పెద్ద కమాన్ల మధ్య విశాలమైన చౌరస్తా, నడుమ నీళ్ళ హౌజు, ఇప్పుడు గుల్జార్ హౌజు అంటున్నది అదే. పడమటి కమాను గుండా రాజభవనాలకు దారి. బజార్లలో 14,000 దుకాణాలుండేవని పాత చరిత్రల్లో ఉంది. ఆ అంకెను నేను పూర్తిగా నమ్మను. పాత చరిత్రకారులకు సున్నాలంటే మోజు. నాలుగో వంతు నిజమైనా గొప్పే.

వీటన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది ఆ పట్నంలో లేని వస్తువు. గోడ! కొత్త హైదరాబాదుకు ప్రాకారం కట్టలేదు. అవసరమొస్తే గోల్కొండ కోట ఉండనే ఉందనుకున్నారు. ఇప్పుడు మనం పేర్లుగా వాడే పాతబస్తీ దర్వాజాలు, ఆ ప్రాకారం అన్నీ తర్వాతివి. మొఘలుల సుబేదారు ముబారిజ్ ఖాన్ 1724 ప్రాంతంలో గోడ మొదలుపెడితే, మొదటి అసఫ్ జా 1740 ప్రాంతంలో పూర్తి చేయించాడు. అంటే సుమారు 130 ఏళ్ళు ఆ పట్నానికి గేటు లేదు. రాత్రయితే తలుపు మూసి, పొద్దుపోయి వచ్చిన బాటసారిని బయట పడుకోమనే పద్ధతి లేదు. తలుపు మూసేస్తే బయట మిగిలిపోవడమంటే ఏమిటో తెలిసిన మనిషి కనుక ఇలా వేశాడని నా ఊహ. ఇది నా ఊహే, పుస్తకంలో లేదు.

ఇక ఆగి చెప్తానన్న సంగతి. మూడేళ్ళ కిందట వరికోత యంత్రం కింద పడి మా నాయన కుడికాలు మోకాలి కింది నుంచి పోయింది. ఇప్పుడు చంకకర్రల మీద నడుస్తాడు. జైపూర్ కాలు తెచ్చుకున్నాం గాని, పొలం గట్టు మీద అది నిలవదని ఇంట్లో మూలకు పెట్టాడు. పోయిన ఏడాది ఆయన కాగితాల పని మీద పట్నంలో ఒక ఆఫీసుకు తీసుకుపోయాను. అంగవైకల్యం ఉన్నవాళ్ళ కాగితాలు చూసే గది రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు, ర్యాంపు లేదు. నాయన మెట్ల మీద కూర్చొని, చేతులు ఆన్చి, వెనక్కి జరుగుతూ ఎక్కాడు. నేను కర్రలు పట్టుకొని పక్కన నడిచాను. ఆ ఆఫీసు పేరు ఇక్కడ అనవసరం. మన దేశంలో వికలాంగుల హక్కులకు 2016లో పెద్ద చట్టమే వచ్చింది. అందరికీ వీలుగా కట్టడాలుండాలని అందులో స్పష్టంగా ఉంది. ఆ ఆఫీసు గోడకు ఆ చట్టం పోస్టరు కూడా అంటించి ఉంది, రెండో అంతస్తులో.

పని అయ్యాక ఇంతదూరం వచ్చాం గదా అని చార్మినార్ చూపించాను. పైదాకా 149 మెట్లు, మర మేకులాగా తిరుగుతూ పోయే ఇరుకు మెట్లు. వాటి విషయంలో మీర్ మోమిన్‌ను నేను వెనకేసుకురాను. కాళ్ళున్నవాడికే కష్టం. నేను మొదటి అంతస్తు దాకా ఎక్కి దిగి వచ్చేసరికి నాయన కింద కమాను నీడలో నిలబడి తలెత్తి చూస్తున్నాడు. నాలుగు దిక్కులూ కనబడుతున్నయిరా, ఎక్కకపోయినా ఫరవాలేదన్నాడు. ఈ మాట నన్ను పట్టుకుంది. ఎవరు గీశారు ఇది అని అప్పుడు వెతకడం మొదలుపెట్టాను.

వెతికితే మొదట దారుల్‌షిఫా దొరికింది. చార్మినార్‌కు ఈశాన్యంగా, మూసీ వైపున, పురానీ హవేలీ దగ్గర 1595లో కట్టిన దవాఖానా. వైద్యం నేర్పే కళాశాల కూడా అదే. నడుమ పెద్ద ముంగిలి, చుట్టూ రెండంతస్తుల్లో గదుల వరుసలు, గాలి ఇటునుంచి అటు పోయే ఏర్పాటు. 400 మంది రోగులు ఉండడానికి చోటుండేదంటారు. హకీములకు జీతం సర్కారుది. రోగికి మందు, తిండి ఉచితం. మతం అడిగేవారు కాదని చెప్తారు. నేను పోయి చూశాను. పడిపోయినవి పడిపోగా మిగిలిన కమాన్లు నల్లబడి ఉన్నాయి. ముంగిట్లో అలావా సర్తౌఖ్ ఉంది, మొహర్రం రోజుల్లో జనం కిటకిటలాడతారు. నేను పోయినప్పుడు పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. అక్కడ నిలబడి గమనించింది ఒకటే. రోగులుండే కింది గదులు ముంగిలి ఎత్తుకు ఎంతో పైన లేవు. మంచం మీద మోసుకొచ్చినవాణ్ణి తిన్నగా లోపలికి చేర్చవచ్చు. నాయన అయితే కర్రలతో సాయం లేకుండా పోతాడు.

ఇక్కడ కొంచెం ఆగాలి. సావనీరులో వ్యాసమంటే పొగడ్తే అనే ఆచారం మనకుంది. కాని రైతు ఇంట్లో పుట్టినవాడికి ఒక ప్రశ్న రాకుండా ఉండదు. ఇన్ని కమాన్లకు డబ్బు ఎక్కడిది? వజ్రాల గనులు ఉన్నాయి నిజమే, మచిలీపట్నం రేవు ఉంది నిజమే. మిగతాది భూమి శిస్తు. 1618 నుంచి 1622 దాకా మచిలీపట్నంలో ఉన్న విలియం మెత్‌వోల్డ్ అనే ఇంగ్లీషు వ్యాపారి ఆ సంగతి రాసిపెట్టాడు. ఏటేటా పరగణాలను వేలం వేసేవారు. ఎక్కువ పాడినవాడికి అధికారం. పాడిన సొమ్ము, దాని మీద లాభం అతను కింది రైతుల దగ్గర పిండుకోవాలి. చెల్లించలేకపోతే అతని ఒంటి మీద దెబ్బలు పడేవి, అతను ముందే రైతు ఒంటి మీద వేసేవాడు. ఆ రోజుల్లో పీష్వా మన మీర్ మోమినే. వేలం పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు. ఆయన ఉండగా ఆగిపోనూ లేదు. పట్నానికి గోడ లేకుండా చూసిన మనిషి, పల్లెకూ పట్నానికీ నడుమ ఉన్న ఈ గోడను కూల్చలేకపోయాడు. మా తాతల తాతలు ఎక్కడో ఆ శిస్తు కట్టే ఉంటారు. కనుక చార్మినార్‌లో ఒకటి రెండు ఇటుకల మీద మాకూ హక్కుందని మా రూమ్మేటుతో అంటుంటాను.

అయితే పల్లెల వైపు ఆయన అసలు చూడలేదనీ అనలేం. పట్నం చుట్టుపక్కల సైదాబాదులో, మీర్‌పేటలో ఆయన పేర మసీదులున్నాయి. మీర్‌పేట అన్న పేరే ఆయన వల్ల వచ్చిందంటారు. చెరువులు తవ్వించాడనీ, వాటి పక్కన జనం వచ్చి నిలిచి ఊళ్ళయ్యాయనీ జోర్ గారు రాశారు. మసీదు, చెరువు, బాటసారులకు సరాయి, ఈ మూడూ ఒకచోట పెడితే ఊరు దానంతటదే పుడుతుందని ఆయన లెక్క కాబోలు. ఇప్పుడు ఆ ఊళ్ళన్నీ హైదరాబాదు కడుపులోకి పోయాయి.

ఆయన రాసిన మరో పుస్తకం సంగతి వింటే సైన్సు విద్యార్థులు సంతోషిస్తారు. పేరు రిసాలా మిఖ్దారియా. అది కొలతలు, తూకాల మీద రాసిన గ్రంథం. ధర్మశాస్త్రంలో చెప్పిన దిర్హం, మిస్ఖాల్ లాంటి తూకాలు, కొలపాత్రలు అసలు ఎంతెంత అని తేల్చే ప్రయత్నం. కవిత్వం రాసే చెయ్యి గింజల తూకం దాకా దిగివచ్చింది! కొలత ఎందుకంత ముఖ్యమని పట్నంవాళ్ళు అడగొచ్చు. మా ఊళ్ళో మా నాయనమ్మ కాలందాకా మానిక, అడ్డ, కుంచంతోనే గింజలు కొలిచేవారు. షావుకారు ఇచ్చేటప్పటి కుంచం ఒకటి, పుచ్చుకునేటప్పటి కుంచం ఇంకొకటి అని నాయనమ్మ చెప్పేది. కుంచం సరిగా ఉంటే సగం న్యాయం జరిగినట్టే. మీర్ మోమిన్ ఏ ఉద్దేశంతో రాసినా, కొలత ఎవరికైనా ఒకటే ఉండాలనే పట్టుదల ఆ పనిలో ఉంది. చార్మినార్ నాలుగు ముఖాలు ఒకే కొలతలో ఉండడానికీ దీనికీ సంబంధం ఉందని నాకనిపిస్తుంది. లెక్చరర్లు ఒప్పుకోకపోవచ్చు.

1612 మొదట్లో మహమ్మద్ కులీ చనిపోయాడు. ఆయనకు కొడుకులు లేరు. కూతురు హయాత్ బక్షీ బేగం భర్త, తమ్ముడి కొడుకు అయిన మహమ్మద్ కుతుబ్ షా గద్దెనెక్కాడు. ఆ ఎక్కించడంలో మీర్ మోమిన్ చెయ్యి ఉంది. ఒక రాజు పోయిన రోజు ఖజ్వీన్‌లో ఏం జరిగిందో కళ్ళారా చూసినవాడు. ఇక్కడ ఆ గొడవ, ఆ నెత్తురు లేకుండా పని ముగిసింది. కొత్త రాజు దగ్గర కూడా ఆయనే పీష్వా. ఇతని కాలంలోనే 1617లో మక్కా మసీదుకు పునాది పడింది. పని చూసినవాళ్ళుగా మీర్ ఫైజుల్లా బేగ్, రంగయ్య చౌదరి పేర్లు చెప్తారు. ఒక పర్షియా పేరు, ఒక తెలుగు పేరు పక్కపక్కన! మసీదు పూర్తయ్యేసరికి 1694 వచ్చింది, కుతుబ్ షాహీలే పోయారు.

మీర్ మోమిన్ తిరిగి ఇరాన్ పోలేదు. పోదామంటే దారి లేక కాదు. అక్కడ షా అబ్బాస్ వచ్చి కాలం మారింది, ఇస్ఫహాన్ 1598లో రాజధాని అయింది, రాయబారులు రాకపోకలు సాగిస్తున్నారు. నలభై ఏళ్ళకు పైగా ఇక్కడే ఉండిపోయాడు. ఇక్కడే మట్టిలో కలవాలని నిశ్చయించుకున్నాడు కాబట్టే, చావకముందే తనకూ తనలాంటివాళ్ళకూ చోటు చూసుకున్నాడు. చార్మినార్‌కు తూర్పు దక్షిణాల మధ్య, సుల్తాన్‌షాహీ వైపు, షా చిరాగ్ అనే సాధువు సమాధి పక్కన నేల సేకరించి శ్మశానంగా ఇచ్చేశాడు. కర్బలా నుంచి మట్టి తెప్పించి ఆ నేల మీద చల్లించాడు. అదే దాయిరా మీర్ మోమిన్. అది ముసల్మానుల శ్మశానమే, సర్వజనులదీ అని చెప్తే అతిశయోక్తి అవుతుంది. కాని ఇంటికి వేల మైళ్ళ దూరంలో, మోసే నలుగురు అన్నదమ్ములు లేక చచ్చిపోయే పరదేశిని ఎక్కడ పెడతారు అన్న ప్రశ్నకు పట్నం వేసేటప్పుడే జవాబు ఆలోచించినవాళ్ళు ఎంతమంది ఉంటారు?

1625లో ఆయన చనిపోయాడు. రాజుల సమాధులు గోల్కొండ పక్కన గుమ్మటాల కింద ఉన్నాయి. ఈయనది మాత్రం తను గీసిన పట్నంలో, మామూలు జనం గోరీల నడుమ. ఆ తర్వాత ఆ నేలకు వచ్చినవాళ్ళకు లెక్కలేదు. దివాను మొదటి సాలార్‌జంగ్ 1883లో అక్కడికే వచ్చాడు. లాహోరు పక్కన కసూర్‌లో పుట్టి, దేశవిభజన తర్వాత భారత పౌరసత్వం తీసుకొని, ఊరూరా పాడి చివరికి హైదరాబాదులో కన్నుమూసిన ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్‌ను 1968లో అక్కడే పడుకోబెట్టారు.